పన్నెండు ఉత్తరాలు, ఒక కాపలా ఎలుక

సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి హత్య జరిగింది. హతురాలి బరువు ఇరవై రెండు గ్రాములు.

చీఫ్ ఫోటోను టేబుల్ మీదుగా ముందుకు తోశాడు. తెల్ల ఎలుక. ముందు కాళ్లు రెండూ గడ్డం కింద పెట్టుకుని, చలికి ముడుచుకున్న పసిపిల్లలా పడి ఉంది.

"దీన్ని చంపిందెవరో తేల్చాలి," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పదిహేడు ఫోటోను చూశాడు. చీఫ్‌ను చూశాడు. మూడు దేశాల్లో పనిచేసిన మనిషి, కదిలే రైలు కింద వేలాడిన మనిషి. ఇలాంటి కేసు మాత్రం కొత్త.

"పిల్లి మీద అనుమానమేమైనా ఉందా సర్?"

"జోకులు మీ ఆవిడకి చెప్పుకో. పెళ్లయి ఎన్నాళ్లయింది?"

"ఇరవై మూడు రోజులు సర్."

"అయితే ఇంకా నవ్వుతూనే ఉండుంటుంది. కూర్చో."

బ్రీఫింగ్ సూటిగా సాగింది. ఊరి చివర ఒక కిటికీల్లేని భవనం. తొమ్మిది న్యూరోసైన్స్ ల్యాబ్‌లు కలిసి నడుపుకుంటున్న ఎలుకల భవనం అది. ఎవరికి వాళ్లు పెంచుకోవడం తలకు మించిన పని కాబట్టి అందరి ఎలుకలూ అక్కడే ఉంటాయి. మొత్తం పద్నాలుగు వేలు. తిండి, పడక, వైద్యం, పరీక్షలు, అన్నీ ఉమ్మడే. అయిదో గదిలో మాత్రం పదకొండంటే పదకొండే ఉన్నాయి. మతిమరుపు జబ్బుకు ఏళ్ల తరబడి తయారవుతున్న మందు నిజంగా పనిచేస్తోందని సాక్ష్యం చెప్పగలిగినవి ఈ లోకంలో ఆ పదకొండే.

"వాటి పిండాలు ఫ్రీజర్‌లో దాచారు. పోయిన నెల మాయమయ్యాయి," అన్నాడు చీఫ్. "పట్టుదారం ముఠా. ఫారిన్ రింగ్. కాపీ వాళ్ల చేతికి చిక్కింది. ఇక అసలును చంపేస్తే మందు వాళ్లొక్కరిదే. వాళ్లు చెప్పిందే ధర."

"మరి ఈ ఫోటోలోది?"

"రిహార్సల్. ఎలుకల్లో మాత్రమే పాకే వైరస్. మనుషులకి ఏమీ కాదు. ఒక్కదానికి అంటితే నాలుగు రోజుల్లో గదంతా సఫా. అక్కడి కేర్‌టేకర్ పరారీ. ఆ ఖాళీలో నువ్వు చేరుతున్నావు."

"అయిదో గది తలుపు దగ్గర నలుగురు గన్‌మెన్‌ని పెడితే పోలేదా సర్?"

"వైరస్‌ని తుపాకీతో ఎక్కడ కాలుస్తావోయ్?" చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "లోపల మన మనిషి ఒకావిడ ఉంది. కోడ్‌నేమ్ నెమలి. 'ఇక్కడ తెల్లారేదెప్పుడు' అని అడుగుతుంది. 'ఎలుకలకి నిద్ర పట్టినప్పుడు' అనాలి. ఆవిడ మాటే నా మాట."

చివరగా ఒక తెల్ల కాగితాల దొంతర అందించాడు. "పన్నెండు వారాలు పట్టొచ్చు. ఫోన్ ఉండదు. మీ ఆవిడకి పన్నెండు ఉత్తరాలు ఇప్పుడే రాసెయ్. వారానికొకటి మన ఆఫీసు పోస్ట్ చేస్తుంది. నువ్వు దూరంగా ఎక్కడో కోల్డ్ స్టోరేజీలో మెషీన్లు బిగిస్తున్నావు. అర్థమైందా?"

టేబుల్ నిండా ఫైళ్లు. పదిహేడు తన టీ కప్పును కాగితాల దొంతర మీదే పెట్టి, కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాడు. ప్రేమగా నాలుగు మాటలు రాయడం కష్టం కాదు. ఆరు వారాల తర్వాత తనకు జలుబు చేస్తుందా, వాన పడుతుందా అన్నది ఇప్పుడే తేల్చుకోవడం కష్టం. తిరిగొచ్చేసరికి పైకాగితం మూలన గుండ్రంగా మరక పడింది. ఇంటి మనిషికే కదా అని వదిలేశాడు. సాయంత్రానికి పన్నెండూ పూర్తయ్యాయి. నాలుగో ఉత్తరంలో జలుబు చేసింది, అయిదులో తగ్గింది, ఏడులో వాన కురిసింది, పన్నెండులో "బయల్దేరుతున్నాను" అని ఉంది.

*

మారువేషం అక్కర్లేని మొదటి మిషన్ అది. అక్కడ అందరూ మారువేషంలోనే ఉంటారు. స్నానం, గౌను, టోపీ, మాస్కు, రెండు జతల గ్లవ్స్. చివరికి మనిషిలో మిగిలేవి కళ్లు రెండే.

టెక్నికల్ సెక్షన్ ఇచ్చిన గ్యాడ్జెట్లు మొదటిరోజే పోయాయి. లోపలికి వెళ్లే ప్రతి వస్తువూ ఆవిరి పెట్టెలో ఉడికి క్రిములు చచ్చాకే వెళ్లాలి. బొత్తాం కెమెరా, పెన్ను రికార్డరు, వాచీ ట్రాన్స్‌మిటరు, మూడూ వెళ్లాయి. బయటికొచ్చేసరికి కెమెరా ఉడికిన బఠాణీలా ఉంది.

"ఏంటబ్బాయ్ ఇది? మొలతాడుతో సహా పెట్టావా?" అంటూ నవ్వాడు అతనికి పని నేర్పడానికి వచ్చిన పెద్దాయన. ఇరవై ఆరేళ్లుగా అదే భవనంలో కేర్‌టేకరు. అయిదో గది ఆయనది. ఆయన తప్ప ఆ గదిలోకి ఎవరూ అడుగు పెట్టరు. శాస్త్రవేత్తలు కూడా అద్దం బయట నిలబడి చూడాల్సిందే. పదిహేడు రెండో రోజుకే ఆయన్ను బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాడు.

బాబాయ్ చాలా నేర్పాడు. ఎలుకను తోక పట్టుకుని ఎత్తకూడదు. "నిన్నెవరైనా జుట్టు పట్టుకుని లేపితే ఎలా ఉంటుంది?" చిన్న అట్టగొట్టం ముందు పెడితే అదే ఎక్కుతుంది, పల్లకీలో దొరసానిలా. లోపల లైట్లు తలకిందులు. బయట పగలైతే గదిలో రాత్రి. ఎలుకలు చీకట్లోనే చురుగ్గా ఉంటాయి, మనుషులేమో పగలే డ్యూటీ చేస్తారు, అందుకని. మసక ఎర్రలైటు ఎలుకల కంటికి ఆనదు కాబట్టి అది ఒక్కటే వెలుగుతుంది. కారిడార్ గోడకు, అయిదో గది అద్దం పక్కన, గాజు మూత కింద ఆ గది తెల్లలైట్ల మాస్టర్ స్విచ్ ఉంది. "వాటి రాత్రివేళ దీన్ని వేశావంటే నెలల ప్రయోగం బూడిద. వేసినవాడి చెయ్యి విరిచేస్తా, అది నా కన్నకొడుకైనా సరే."

ఇంకొక సంగతి కూడా చెప్పాడు. "ఎలుకకి ఒంట్లో బాగుందా లేదా తెలియాలంటే ముఖం చూడకు. ముఖంలో ఏమీ చెప్పదది, గడుసుది. ఇల్లు చూడు."

ప్రతి పంజరంలోనూ ఒక దూది బిళ్ల వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక రాత్రికి రాత్రే దాన్ని పీచుపీచుగా విప్పి, గిన్నెలా గూడు అల్లుకుంటుంది. గుండ్రంగా, మెత్తగా, మధ్యలో తన ఒళ్లు పట్టేంత గుంటతో. పదిహేడుకు ఆ గూళ్లంటే పిచ్చి ఇష్టం పట్టుకుంది. పొద్దున్నే మూడో గదిలోకి వెళ్లగానే వరసగా అన్ని ఇళ్లూ చూసుకుంటూ పోయేవాడు. అతని భార్య కూడా కొత్త ఇంట్లో మొదటిరోజు ఒకే పరదాను నాలుగు కిటికీలకూ మార్చి మార్చి కట్టి చూసింది. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించేది. చెప్పడానికి ఎవరూ లేరు.

అద్దె గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. సాయంత్రం కుర్చీలో కూర్చుని మంచాన్ని చూసేవాడు, పడుకున్నాక మంచం మీంచి కుర్చీని చూసేవాడు. శనివారాలు లెక్కపెట్టుకుని 'ఈ సోమవారం జలుబు ఉత్తరం అందుతుంది, ఆమె కంగారు పడుతుంది' అనుకునేవాడు. అసలు జలుబు రానేలేదు. ఆ కంగారుకి జవాబు రాసే దారీ లేదు. అబద్ధపు జలుబుకి నిజంగా బాధపడే మనిషిని తలుచుకుంటే ముద్ద దిగేది కాదు.

మాట్లాడే తోడు దొరికింది మాత్రం మూడో గదిలో, అట్టడుగు అరలో.

అది కాపలా ఎలుక. దాని మీద ప్రయోగాలేవీ ఉండవు. పంజరాలు శుభ్రం చేసే రోజు ప్రతి పంజరంలోంచి ఒక చెంచాడు మురికి పొట్టు తీసి దాని పంజరంలో వేస్తారు. గదిలో ఎక్కడ ఏ జబ్బు ఉన్నా ముందు దానికి అంటుకుంటుంది. అది పడిపోతే గదికి ప్రమాదమని తెలుస్తుంది. ఫోటోలో చచ్చింది కూడా అలాంటిదే. మామూలుగా ఇద్దరేసి ఉంటారు. దీని జత పోయింది. పరాయి మురికి మధ్య ఒంటరిగా కూర్చుని, అందరి తరఫునా ఎదురుచూస్తూ ఉంటుంది.

"మన ఇద్దరి డిపార్ట్‌మెంటూ ఒకటే," అన్నాడు పదిహేడు మొదటిరోజే దానితో. "నాకు పెన్షనుంది, నీకదీ లేదు."

దానికి రాణిగారు అని పేరు పెట్టాడు. గూడు అల్లడంలో ఆ గదిలో ఆమెను మించినవాళ్లు లేరు.

*

నెమలి ఆరో వారంలో పలకరించింది. క్యాంటీన్‌లో ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. పెద్ద డాక్టరు, జ్ఞాపకశక్తి పరీక్షల స్పెషలిస్టు. పొడవాటి మెడ, వదులుగా వేలాడే జుట్టు, నడిచొస్తే స్పూన్ల చప్పుడు ఆగిపోయేంత అందం.

"ఇక్కడ తెల్లారేదెప్పుడు?"

"ఎలుకలకి నిద్ర పట్టినప్పుడు."

"హమ్మయ్య," అని నవ్వింది. "ఆరు వారాల నుంచీ చూస్తున్నా. నీ అంత ఒంటరిగా తినేవాణ్ని ఎక్కడా చూళ్లేదు. ప్లేటుతో మాట్లాడుకుంటున్నట్టుంటావు."

ఆ రోజు నుంచీ మధ్యాహ్నాలు కాస్త తేలికయ్యాయి. ఆమె కొత్త సమాచారం ఏమీ ఇవ్వలేదు, 'అనుమానితుల్ని గమనిస్తున్నా' అనేది. అయితే చెప్పింది వినేది. పరదా సంగతి ఆమెకే చెప్పాడు. రాణిగారి సంగతీ చెప్పాడు.

తొమ్మిదో వారం మొదట్లో ఆమె ఒక చిన్న పొట్లం ఇచ్చింది. పొద్దుతిరుగుడు గింజలు.

"మీ రాణిగారికి. ఆవిరి పెట్టెలో పెట్టకు, మెత్తబడి బంక అయిపోతాయి. ఒలిచిన మంచి గింజలు. పాపం, ఒక్కతే కదా."

రూలు రూలే. పదిహేడు ఒక నిమిషం ఆలోచించాడు. తర్వాత, సరిహద్దుల మీదుగా మైక్రోఫిల్ములు దాటించిన నేర్పంతా వాడి, గింజల్ని గౌను మడతలో దాచి లోపలికి పట్టుకెళ్లాడు. రాణిగారు రెండు చేతులతో గింజ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి తినడం చూస్తే అతనికి తొమ్మిది వారాల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

మర్నాడు బాబాయ్ ముభావంగా కనబడ్డాడు. మంచినీళ్ల దగ్గర అడిగితే చెప్పాడు.

"మీ పిన్నికి మతిమరుపు జబ్బు కదా, మూడేళ్లయింది. ఇంటికెళ్తే తలుపు తీసి, 'ఎవరండీ మీరు? భోంచేశారా?' అంటుంది. ఎంత మర్యాదగా అంటుందో! నేనూ రోజూ ఒకటే జవాబు. 'ఇంకా లేదండీ, మీరు పెడితే తింటా.' అప్పుడు నవ్వి వడ్డిస్తుంది. ఆ ఒక్కటీ మర్చిపోలేదు." బాబాయ్ గ్లాసు బోర్లించాడు. "నిన్న మాత్రం నవ్వలేదబ్బాయ్. నా పదకొండు పిల్లలు తొందరగా గట్టెక్కాలి. గురువారం చివరి పరీక్ష. చిక్కుదారిలో పోయినసారి తిరిగిన మలుపులు గుర్తుపెట్టుకుని పరిగెత్తాలి."

ఆ ఇంటికి పదిహేడు ఇవ్వగలిగిందేమీ లేదు. ఓదార్పు మాటలు అతని ట్రైనింగ్‌లో లేవు. గౌను మడతలోంచి పొట్లం తీసి సగం ఆయన చేతిలో పోశాడు.

"పరీక్షయ్యాక మీ పిల్లలకి పెట్టండి బాబాయ్. నా తరఫున బహుమతి."

బాబాయ్ అటూ ఇటూ చూశాడు. ఇరవై ఆరేళ్లలో ఒక్క రూలూ తప్పని మనిషి. "ఉడికించినవేనా?" అని అడగాల్సింది. కుర్రాడి కళ్లు చూసి అడగలేదు.

*

గురువారం. ఉదయం పదీ నలభై.

మూడో గది. ఎర్రలైటు. పదిహేడు అలవాటుగా ఇళ్లన్నీ చూసుకుంటూ వస్తున్నాడు. గుండ్రటి గూళ్లు, ఒక్కొక్కటే. అట్టడుగు అర దగ్గర వంగాడు.

దూది బిళ్ల నలుపలకలుగా, వేసింది వేసినట్టే ఉంది.

రాణిగారు దాని పక్కన మూలకు కూర్చుని ఉంది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అట్టగొట్టం పెడితే ఎక్కలేదు. అతని అరచేతిలోకి మాత్రం మెల్లగా వచ్చి, గడ్డం కింద చేతులు పెట్టుకుంది. ఫోటోలోలాగే.

బుర్ర చకచకా పనిచేసింది. జబ్బు చెంచాడు పొట్టుతో వచ్చిందా? అయితే వేరే పంజరాల్లో ఇళ్లు పాడవ్వాలి. మళ్లీ ఒకసారి చూశాడు. అన్నీ చక్కటి గిన్నెలే. గదిలో జబ్బు లేదు. గదిలో అందరికీ అందనిది, ఈమెకు మాత్రమే అందింది ఏమిటి?

గింజలు.

తన చేత్తో పెట్టాడు. మిగతా సగం కూడా తన చేత్తోనే ఇచ్చాడు. పరీక్ష పదకొండు గంటలకి అయిపోతుంది.

రాణిగారిని పంజరంలో దించి, అంటుకున్నది ఇంకెక్కడా పాకకుండా పై గ్లవ్స్ మీదే పంజరాలు కడిగే మందపాటి రబ్బరు గ్లవ్స్ వేసుకుని కారిడార్‌లోకి పరిగెత్తాడు.

మలుపు తిరగగానే ఆగాడు. సెంటు వాసన. ఆ భవనంలో సువాసన సబ్బు కూడా నిషేధం, ఎలుకలు బెదురుతాయని. ఇంకెప్పుడూ ఎలుకల దగ్గరికి వెళ్లే పని లేదనుకున్న మనిషి మాత్రమే సెంటు పూసుకుంటుంది.

అయిదో గది అద్దం ముందు నెమలి నిలబడి ఉంది. మాస్కు తీసేసింది. భుజాన ప్రయాణం బ్యాగు. అద్దానికి అవతల ఎర్రటి మసకలో బాబాయ్ వంగి, చిక్కుదారిలోంచి ఎనిమిదో ఎలుకను పల్లకీ ఎక్కిస్తున్నాడు. పక్కన స్టూలు మీద చిన్న గిన్నె. గిన్నెలో గింజలు.

పదిహేడు ఇంటర్‌కామ్ ఎత్తాడు. చప్పుడు లేదు. వైరు తెగి వేలాడుతోంది.

"తొమ్మిది," అంది నెమలి, ఎలుకలు లెక్కపెడుతూ. "పాపం, బాగానే గుర్తుపెట్టుకున్నాయి."

"నువ్వు మా మనిషివి."

"అవును. వాళ్ల మనిషిని కూడా. నాకెప్పుడూ రెండు ఇళ్లు, ఒక్కదానిలోనూ దుప్పటి లేదు." ఆమె అతని వైపు తిరిగింది. "ఇక్కడ ప్రతి వస్తువునీ ఉడకబెడతారు. ఒంటరివాడికి ఎవరైనా ఇచ్చిన చిన్న బహుమతిని మాత్రం ఎవరూ ఉడకబెట్టరు. వాడైతే అసలే ఉడకబెట్టడు. నీ ప్లేటు చూసిన రోజే నాకు దారి దొరికింది. నీకు దొరికిన దాంట్లో ఆ ముసలాయనకి సగం పెట్టకుండా ఉండలేవని తెలుసు."

పదిహేడు చెయ్యి అయిదో గది తలుపు పిడి మీద పడింది.

"వెళ్లు," అంది నెమలి హాయిగా. "వెళ్లి ఆపు. పొద్దున్న రాణిగారిని ఎత్తుకున్నావు కదా? నీ ఒళ్లంతా అదే వైరస్. గింజల బదులు నువ్వే వాటికి అంటిస్తావు. ఎలాగైనా నా పని అయిపోతుంది."

చెయ్యి పిడి మీంచి జారింది. తలుపు తీస్తే చస్తాయి. తీయకపోయినా చస్తాయి. అద్దం గుద్దాడు. రెండంగుళాల మందం, చప్పుడు అవతలికి పోదు. బాబాయ్ వీపు ఇటే ఉంది.

"పది," అంది నెమలి.

పదకొండోది చిక్కుదారి చివరికొచ్చింది. మలుపులన్నీ గుర్తున్నాయి దానికి. బాబాయ్ భుజాలు ఆనందంతో కదిలాయి. స్టూలు మీది గిన్నె అందుకున్నాడు. మొదటి పంజరం మూత తీశాడు. వేళ్ల మధ్య గింజ ఉంది.

పదిహేడు గోడ మీది గాజు మూతను మోచేత్తో పగలగొట్టి మాస్టర్ స్విచ్ వేశాడు.

తెల్లటి పట్టపగలు విరుచుకుపడింది. పదకొండు ఎలుకలూ ఒక్క గెంతులో గూళ్లలో దూరిపోయాయి. బాబాయ్ వేళ్లలోంచి గింజ జారి మూత మీద పడింది. వెనక్కి తిరిగాడు. మాస్కు పైన కళ్లు నిప్పులు కక్కుతున్నాయి. ఇరవై ఆరేళ్ల కోపంతో అద్దం దగ్గరికి వచ్చాడు, చెయ్యి విరవడానికే.

పదిహేడు గోడకున్న, పంజరాలకు తగిలించే ఖాళీ కార్డు ఒకటి లాగి, పెద్ద అక్షరాలతో రాసి అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.

'గింజల్లో వైరస్. తప్పు నాది. గ్లవ్స్ మార్చండి బాబాయ్.'

బాబాయ్ చదివాడు. గిన్నెను చూశాడు. పడ్డ గింజను మూతతో సహా సంచిలో కట్టాడు, గిన్నెను ఇంకో సంచిలో. ఏ పని ముందు, ఏది వెనక అన్నది ఒక్కటీ తప్పలేదు.

పదిహేడు వెనక్కి తిరగబోతుండగా చేతికి ఏదో తగిలింది. నెమలి చేతిలో పెన్ను, పెన్నులోంచి సూది. సూది మందపాటి రబ్బరులో దిగి వంకరపోయింది. పంజరాలు కడిగే గ్లవ్స్ మరి, ఎలుక పళ్లే దిగవు.

ఆమె పరిగెత్తింది. కారిడార్ చివర గాలిగది. అందులోకి వెళ్తే నలభై సెకన్లు నాలుగు వైపుల నుంచీ గాలి కొడుతుంది, ఆ తర్వాతే బయటి తలుపు తెరుచుకుంటుంది. లోపలి తలుపు ఆమె వెనక మూసుకుంది. గాలి మొదలైంది.

ముప్పై. ఇరవై. పది. మూడు.

పదిహేడు పక్కనే ఉన్న పచ్చ బొత్తాం నొక్కాడు. 'మళ్లీ మొదలు.'

నలభై. గాలి హోరుమంది. నెమలి జుట్టు ముఖానికి, మెడకు చుట్టుకుంది. అద్దాన్ని గుద్దింది. మూడు సెకన్లు మిగలగానే అతను మళ్లీ నొక్కాడు.

పద్నాలుగుసార్లు నొక్కాడు. తొమ్మిదోసారికి ఆమె గుద్దడం మానేసింది. పదకొండోసారికి నేల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. సెంటు వాసన పూర్తిగా పోయింది. సెక్యూరిటీ వాళ్లు బయటి తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె అద్దంలోంచి అతన్నే చూస్తోంది.

"ఆ పరదా," అంది, మాటలు పెదాల మీద చదువుకునేలా. "చివరికి ఏ కిటికీకి కట్టింది?"

ఇక ముందు ఆమెకు ఏమీ చెప్పకూడదు. అయినా చెప్పాలనిపించింది. ఆ కథ విన్న మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

*

పదకొండు ఎలుకల పరీక్షలూ మూడు రోజులు వరసగా నెగెటివ్ వచ్చాయి. లైటు వేసేసరికే అన్నీ చిక్కుదారి దాటేశాయి కాబట్టి ఫలితం కూడా దక్కింది. మూడో గది బతికింది. కాపలా ఎలుక పంజరంలోకి అన్నీ వస్తాయి గానీ, దాని దగ్గర్నుంచి ఏదీ వెనక్కి పోదు.

రాణిగారు దక్కలేదు. పశువుల డాక్టరు వచ్చి నొప్పి తెలియకుండా నిద్రపుచ్చింది. అద్దం బయట బాబాయ్, పదిహేడు పక్కపక్కన నిలబడ్డారు.

"దాని ఉద్యోగమే అదబ్బాయ్," అన్నాడు బాబాయ్. "అందరి మురికీ తను మోసి, ముందు తను పడిపోయి, మిగతావాళ్లని లేపడం."

"తెలుసు బాబాయ్. కానీ దాని మీదకి ఆ మురికి తెచ్చింది నేను."

బాబాయ్ కూడా తన వంతు రూలు తప్పినవాడే. పదిహేడు భుజం మీద చెయ్యి వేశాడు. అదే, విరిచేస్తానన్న చేతి భుజం.

ఆ దూది బిళ్లను దాచుకోవాలనిపించింది. లోపలిది ఏదీ బయటికి తీసుకెళ్లకూడదు. ఈసారి రూలు పాటించాడు.

చీఫ్ రిపోర్టు చదివి, "సమర్థంగా ముగించావు" అని రాసి ఒక గీత గీసి, "సెక్యూరిటీ లోపం: ఏజెంటే" అని రాసి ఇంకో గీత గీశాడు. "మూడు వారాలు ముందే అయిపోయింది. పో, ఇంటికెళ్లి నవ్వించు."

ఇంటి తలుపు తీసి భార్య అతన్ని చూసింది. అరవలేదు, ఏడవలేదు, లోపలికి రమ్మన్నట్టు పక్కకు జరిగింది. నాలుగో కిటికీకి పరదా ఉంది. కడుపు నిండినట్టయింది అతనికి.

సోమవారం పొద్దున్న అతను కాఫీ తాగుతుంటే పోస్టుమ్యాన్ వచ్చాడు. ఆమె కవరు చింపి, చదివి, అల్మారాలోంచి పాత ఉత్తరాలు తొమ్మిదీ తెచ్చి నేల మీద వరసగా పరిచింది. పక్కన ఈ పదోది పెట్టింది.

"ఏవండీ, ఇలా రండి. మొదటిదానికి ఈ మూల టీ మరక. రెండోదానికి అదే మూల, కాస్త లేతగా. మూడోదానికి ఇంకా లేతగా. ఏడోదాని దాకా ఉంది, కళ్లు చిట్లిస్తే కనబడుతుంది. అంటే పన్నెండో పదిహేనో ఒకే రోజు, ఒకే కప్పు కింద రాశారు. జలుబుతో సహా. రెండో ఉత్తరం వచ్చిన రోజే తెలిసిపోయింది నాకు."

పదిహేడు వంగి మరకలు ఒక్కొక్కటే చూశాడు. "మరి ఇన్నాళ్లూ ఎవర్నీ అడగలేదే?"

"అడిగితే ఉత్తరాలు ఆగిపోతాయేమోనని. అబద్ధమైనా మీ దస్తూరీయే కదా." ఆమె పదో ఉత్తరం కళ్ల దగ్గర పెట్టుకుంది. ఆఫీసు గుమాస్తా లెక్కప్రకారం పోస్ట్ చేసిన ఉత్తరం. పైకే చదివింది. "'పని ఇంకా తెమల్లేదు. ఈ వారం కూడా రాలేను. నువ్వు లేని గదిలో...' ఛ, మిగతాది మీ ముందు చదవలేను." కాగితం దించి, అతన్ని ఎగాదిగా చూసి, పెదవి బిగపట్టి నవ్వు ఆపుకుంటూ అడిగింది. "మా ఆయనేమో ఈ వారం రానని రాశారు. మరి మీరెవరండీ? భోంచేశారా?"

ఏజెంట్ పదిహేడు కాఫీ కప్పు కింద పెట్టాడు, ఈసారి కాగితాలకు దూరంగా. అతనికి తెలిసిన కోడ్‌వర్డులన్నింటిలో దీనికి ఒక్కదానికే జవాబు మర్చిపోకూడదు.

"ఇంకా లేదండీ," అన్నాడు. "మీరు పెడితే తింటా."